నూటా అరవై ముగ్గురు ప్రధానోపాధ్యాయురాళ్లు

నకిలీ అంటే మాత్రం నేనొప్పుకోను నాయనా. తప్పు అను, ఒప్పుకుంటాను. తెలివితక్కువతనం అను, దానికీ ఒప్పుకుంటాను. నకిలీ అని మాత్రం రాయొద్దు. ఆ నూటా అరవై మూడు ఉత్తరాలూ నిజమైన మనుషులు రాసినవే. నా కండ్ల ముందర, బెంచీల మీద వంగి కూర్చొని, నాలుక కొస బయటపెట్టుకొని రాసినారు.

కూర్చో. ఆ కుర్చీలో కాదు, దానికొక కాలు పొట్టి. ఈ బల్ల మీద కూర్చో. చిత్తూరు నుంచి రెండు గంటలు జీపులో ఎగిరెగిరి పడి వచ్చినావు. నిలబడి విచారణ చేస్తే నీకూ ఓపిక ఉండదు, నాకూ ఉండదు.

నిన్ను సార్ అనాలా, నాయనా అనాలా అని ఇందాకట్నుంచీ చూస్తా ఉన్నాను. నువ్వే ముందు అమ్మా అనినావు కాబట్టి నాయనా అనే అంటాను. పేరు మునిశేఖర్ కదా? మెడలో పొల్యూషన్ ఆఫీసు కార్డు మీద చదివినాను. అది తిరగబడి ఉండాది, సరిచేసుకో.

ఇప్పుడు మొదట్నుంచి చెప్తాను. ఈ రూల్సన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, నీ పనే అది. అయినా చెప్తాను. మొదట్నుంచి చెప్పకపోతే నాకు చెప్పినట్టుండదు.

మా కొత్తకండ్రిగకు ఎగువన, నగరి రోడ్డు మీద, నూలుకు రంగులేసే షెడ్డు ఉండాది. చూసే వచ్చుంటావు. చక్రధర్‌ది. ఆ షెడ్డును వాడు రెండింతలు చేయాలనుకుంటా ఉన్నాడు.

పాత పద్ధతి ప్రకారమైతే దానికి ఊళ్లో ఒక సభ పెట్టాలి. మీలాంటి ఆఫీసరొకరు వచ్చి, షామియానా కింద మేజా వేసుకొని కూర్చుంటాడు. ఊరివాళ్లు ఒక్కొక్కరే లేచి వాళ్ల బాధ చెప్పుకుంటారు. ఒకాయన రాసుకుంటాడు. అంతే. దానివల్ల షెడ్డు ఆగిపోతాదా? ఆగదు. కానీ చెప్పినట్టు ఒక కాగితం ఉంటాది.

ఇప్పుడు ఢిల్లీలో కొత్త ముసాయిదా ఒకటి తీసినారు. ఇంత కొలత లోపలుండే షెడ్లకు ఇంక సభ అక్కర్లేదు, మా నీళ్లు శుభ్రంగానే పోతా ఉండాయి అని యజమాని తానే రాసి సంతకం పెడితే చాలు అని. నేను సరిగ్గానే చెప్తా ఉన్నానా? తప్పుంటే ఆపు.

దీన్నే నేను బళ్లో చెప్పాల్సొస్తే ఎట్లా చెప్తానంటే, పిల్లోడే పరీక్ష రాసి, పిల్లోడే దిద్దుకొని, పిల్లోడే మార్కులు వేసుకొని, నాయన సంతకం కూడా వాడే పెట్టుకొని తెచ్చిస్తాడు. మనం తీసి బీరువాలో పెట్టుకుంటాము. నవ్వుతావేమి? నేను నవ్వడానికి చెప్పలేదు. మంచి పిల్లోడైతే ఏ చిక్కూ రాదు. నేను ముప్పై నాలుగేండ్లు చూసినాను. మంచి పిల్లోళ్లు ఉంటారు.

చక్రధర్ చెడ్డవాడని నేననను. వాడూ నా దగ్గర చదువుకున్నవాడే. ఇంటికొచ్చి ఈ బల్ల మీదే కూర్చొని చెప్పినాడు. “అమెరికావాళ్లు సుంకం పెంచినారు టీచరమ్మా, చెన్నై ఏజెంట్లు ఆర్డర్లు సగం చేసినారు. రూల్సు సడలించకపోతే మేం బతకలేము” అనినాడు. “ఆర్డర్లు సగమైతే షెడ్డు రెండింతలు ఎందుకురా?” అని అడిగినాను. “చుట్టుపక్కల చిన్న షెడ్లన్నీ మూతపడినాయి కదా, వాళ్ల పనంతా నాకే వస్తాది” అనినాడు. లెక్క సరిగ్గానే ఉండాది. వాడు లెక్కల్లో ఎప్పుడూ బాగానే ఉండేవాడు.

అందుకే మేము షెడ్డు మూసేయండి అని రాయలేదు. చూడు, ఏ ఉత్తరంలోనూ ఆ మాట కనిపించదు. వాడి షెడ్డు మూస్తే ఈ వీధిలో మగ్గాలు ఆగిపోతాయి. మగ్గాలు ఆగితే పొయ్యిలు ఆగిపోతాయి. అది మాకూ తెలుసు. సభ మాత్రం తీసేయొద్దు, మా మాట మమ్మల్ని చెప్పుకోనీండి. అడిగింది అంతే.

ఆ ముసాయిదా సంగతి మాకెట్లా తెలిసిందంటావా? పంచాయతీ బోర్డు చూసి కాదులే. పంచాయతీ బోర్డు మీద కుక్కలకు సూదులేసే నోటీసు ఉండాది, అది పోయిన ఏడాదిది. నా మనవరాలు పవిత్ర తిరుపతిలో చదువుకుంటా ఉండాది. సెలవుకొచ్చినప్పుడు ఫోన్లో చూపించింది. హిందీలో ఉండాది, ఇంగ్లీషులో ఉండాది. అభ్యంతరాలుంటే అరవై రోజుల్లో పంపొచ్చునంట. మేము చూసేటప్పటికి నలభై తొమ్మిది రోజులు అయిపోయినాయి.

పదకొండు రోజులు. పదకొండు రోజుల్లో నేను పదో తరగతి సిలబస్సు పూర్తి చేసినదాన్ని. ఇదెంత అనుకున్నాను.

మా మిషన్ బడి మూతపడి ఆరేండ్లయింది. ఎయిడెడ్ బడి, పిల్లోళ్లు లేరని మూసేసినారు. తాళం చెవి పాస్టరు గారి దగ్గర ఉంటాది. ఆదివారం ఆరాధన అయినాక తాళం తీయించి, బెంచీలు తుడిపించి, ఊరందరికీ చెప్పి పంపినాను. హిందువులూ వచ్చినారు, మావాళ్లూ వచ్చినారు. నేను పిలిస్తే రాని మనిషి ఈ ఊళ్లో లేడు నాయనా. గొప్ప కోసం చెప్పడంలేదు. సగం ఊరు నా దగ్గర అక్షరాలు దిద్దింది, మిగతా సగం నా చేత దెబ్బలు తినింది. కొంతమందికి రెండూ అయినాయి.

నేను బోర్డు మీద నమూనా ఉత్తరం ఒకటి రాసినాను. నీ చేతిలో ఉండేది అదే. పైనుంచి చదువు, నేను కంఠతా చెప్తాను, సరిపోతాదో లేదో చూడు.

“అయ్యా, కొత్తకండ్రిగ గ్రామ నివాసియు, డెబ్బది ఒక్క సంవత్సరముల వయస్సు గలదానను, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలను అగు నేను, నా భర్త కీర్తిశేషులైన పిదప ఇచ్చటనే నివసించుచు, సవినయముగా మనవి చేసుకొనునదేమనగా…”

సరిపోయిందా? ఊఁ.

నమూనా అంటే ఏమి? ఎవరి వివరాలు వాళ్లు మార్చుకోవాలి. అది ఎవరికైనా తెలుస్తాది అనుకున్నాను. కానీ నేను నోటితో చెప్పిందేమి? “బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక్క అక్షరం పోకూడదు, ఒక్క అక్షరం చేరకూడదు.”

అలవాటు నాయనా. ముప్పై నాలుగేండ్లు అదే వాక్యం. బోర్డు మీద లేనిది ఒక్కటి రాస్తే మెటికల మీద స్కేలు పడేది. వాళ్లందరికీ గుర్తుండాది. చేతులకు ఇంకా బాగా గుర్తుండాది.

రాసినారు. ఉన్నది ఉన్నట్టు. కింద సంతకాలు మాత్రం ఎవరివి వాళ్లు పెట్టినారు, ఎందుకంటే బోర్డు మీద సంతకం దగ్గర నేను గీత గీసి వదిలేసినాను.

అట్లా మా ఊళ్లో నూటా అరవై ముగ్గురు విశ్రాంత ప్రధానోపాధ్యాయురాళ్లు తయారైనారు. అందరికీ డెబ్బై ఒక్క ఏండ్లే. అందరికీ మొగుళ్లు చనిపోయినారు. అందులో డెబ్బై తొమ్మిది మంది మొగవాళ్లు.

ఎల్లప్ప అని ఒకాయన ఉన్నాడు, పక్క వీధిలో. ఆయన, తన భర్త కీర్తిశేషులైనారని రాసి సంతకం పెట్టినాడు. ఆయన పక్కనే కూర్చొని ఆయన పెండ్లాం నాగులమ్మ కూడా అదే రాసింది. ఇద్దరూ కలిసే ఇంటికి పోయినారు.

ఢిల్లీలో ఆ కట్ట విప్పినవాళ్లు ఏమనుకొని ఉంటారు చెప్పు? నేనే ఆ కుర్చీలో ఉంటే నేనూ నకిలీ అనే అనుకుంటాను. అందుకే వాళ్ల మీద నాకు కోపం లేదు. ‘ఒకే వ్యక్తి సృష్టించిన అభ్యంతరాలుగా తోచుచున్నవి, విచారించి నివేదిక పంపవలెను’ అని నీకు రాసినారు. భాష బాగుండాది. ఎవరో చదువుకున్నవాళ్లే రాసినారు.

ఎవ్వరికీ అనుమానం రాలేదా అంటావా? వచ్చింది. గురప్పకు వచ్చింది. మగ్గం నేసే గురప్ప. వెనక బెంచీలో చెయ్యెత్తినాడు. “టీచరమ్మా, ఈడ వయసు డెబ్బై ఒకటి అనుండాది. నాకు నలభై ఆరే” అనినాడు.

నేనేమన్నానో తెలుసా? “ముందు రాయి, అనుమానాలు తర్వాత” అనినాను.

ఆ తర్వాత అనేది రాలేదు. కాఫీలొచ్చినాయి.

పొద్దున నువ్వు ముందుగా వాళ్లింటికే పోయినావంట కదా? “ఏమయ్యా, నువ్వు రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్సువా?” అని అడిగినావంట. వాడు చేతులు కట్టుకొని “అవును సార్” అనినాడంట. వాడి పెండ్లాం పరిగెత్తుకొచ్చి చెప్పింది నాకు. వాడు అబద్ధం చెప్పలేదు నాయనా. కాదంటే నాకు చెడ్డపేరు వస్తాదని అనుకున్నాడు. వాడి మీద కేసు గీసు రాయొద్దు. రాయాలంటే నా పేరు రాసుకో. ప్రసన్నకుమారి. ఒక ‘న’కు ఇంకో ‘న’ వత్తు.

ఆ, ఇంకొకటి. నీ కట్టలో జ్ఞానాంబ అని ఒక సంతకం ఉంటాది, చూడు. వంకరగా, పెద్దగా ఉంటాది. ఆమె చక్రధర్ వాళ్లమ్మ. కొడుకు షెడ్డు గురించే అని తెలిసి రాసిందో తెలియక రాసిందో నేనడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పోయేటప్పుడు మాత్రం “నా దస్తూరి బాగుందా టీచరమ్మా?” అని అడిగింది. బాగుంది అనినాను.

పంపే ముందర నేను చూడలేదా అని అడుగుతావు, అడుగు. అడగాల్సిన ప్రశ్నే.

చూసినాను. అదే చెప్పడానికి సిగ్గుగా ఉండాది. నూటా అరవై మూడూ చూసినాను. ఎర్ర పెన్ను తీసుకొని రెండు రోజులు కూర్చొని దిద్దినాను. ఒత్తులు, దీర్ఘాలు, కామాలు. ఒక్క తప్పు లేదు! నలభై ఏండ్లు కలం పట్టని చేతులు కూడా ‘ప్రధానోపాధ్యాయురాలను’ అని తప్పులేకుండా రాసినాయి. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ప్రతి కాగితం మూల మీద ఒక చిన్న టిక్కు పెట్టినాను. ఇదిగో, కనిపిస్తా ఉండాది కదా? ఢిల్లీవాళ్లు దీన్ని ఏమనుకున్నారో ఏమో.

అక్షరం చూసినాను నాయనా, అర్థం చూడలేదు. ఎవరు ఏమి రాసినారు అని చదవలేదు. నేను రాయించిందే కదా, మళ్లీ చదివేదేమిటి అనుకున్నాను.

మజ్జిగ తాగు. నీళ్లు కావాలంటే ఆ క్యానులో ఉండాయి, పట్టుకో.

ఏమి అట్లా చూస్తావు? అవును, నేను క్యాను నీళ్లే తాగుతాను. పింఛను వస్తాది, కొనుక్కుంటాను. నా ఇంట్లో బావి లేదు. ‘మా త్రాగునీటి వనరులకు కలుగు ముప్పు’ అని ఆ ఉత్తరంలో రాసినాను. నా త్రాగునీటి వనరు ఆటోలో వస్తాది.

సరే. నువ్వు చెప్పేది నేను విన్నాను. శుక్రవారం లోపల నువ్వు రిపోర్టు పంపాలి. ఈ కట్ట లెక్కలోకి రాదు, వచ్చినా అన్నీ కలిపి ఒక్కటిగానే వస్తాది. కానీ ఈ ఊళ్లో ఒక్క మనిషైనా, తన మాటగా, తనకు జరిగింది చెప్తే, అది వాంగ్మూలంగా రాసుకొని రిపోర్టుకు జతచేస్తావు. అప్పుడు ఈ ఊరి సంగతి ఇంకోసారి చూడమని నువ్వే పైకి రాయొచ్చు. ఎవ్వరూ దొరక్కపోతే నకిలీ అని రాసి మూసేస్తావు, ఇంక ఈడ సభ అనేది ఉండదు. అంతే కదా? సరిగ్గా అర్థమైందా నాకు?

అయితే ఒకటి చెప్పాలి. ఇది నువ్వు అడగలేదు. అడగకపోతే చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్నాను.

పవిత్ర ముందే చెప్పింది. “అవ్వా, ఎవరి మాటల్లో వాళ్లను రాయమను. అందరూ ఒకే మాదిరి రాస్తే అన్నీ కలిపి ఒక్కటిగా లెక్కపెడతారు” అనింది. నేనేమన్నానంటే, “వాళ్ల మాటలు ఢిల్లీకి పనికొస్తాయా పాపా? నగుబాటు అయిపోతాము” అనినాను. పాప సంచి సర్దుకుంది. బస్సెక్కి పోయింది.

అది ఒకటి. రెండోది ఇంకా పెద్దది.

బళ్లో కూర్చున్న ఆదివారానికి ముందురోజు, శనివారం సాయంత్రం, నాగులమ్మ వచ్చింది. ఎల్లప్ప పెండ్లాం అని చెప్పినాను కదా, ఆ నాగులమ్మే. పాత క్యాలెండరు కాగితం వెనకపక్క రాసుకొని తెచ్చింది. తానే రాసింది. ఎవరూ చెప్పలేదు. సభ గురించి ఉత్తరాలు రాస్తారంట అని విని, ఇంట్లో కూర్చొని రాసుకొచ్చింది. “టీచరమ్మా, ఇది సాలునా సూడండి” అనింది.

ఆరు వాక్యాలు. చెప్తాను విను.

“మా బాయిలో నీళ్లు సోమవారం ఎర్రగా ఉంటాయి. గురువారం ఊదాగా ఉంటాయి. షెడ్డుకు యే రంగు ఆర్డరు వొచ్చిందో మా బాయి సూస్తే తెలుస్తాది. ఆ నీళ్లతో అన్నం వొండితే ఉప్పెయ్యాల్సిన పని లేదు. నా కూతురు కాన్పుకొచ్చి ఉంటే ఆ బిడ్డకు ఈ నీళ్లే పోసినాను, ఒళ్లంతా బొబ్బలు లేసినాయి. మా అల్లుడు ఇంక మా ఇంటికి బిడ్డను పంపనన్నాడు, నేను మనవడిని సూసి ఏడు నెలలయింది.”

అంతే. అయ్యా లేదు, సవినయము లేదు.

నేనేం చేసినానో చెప్తాను, రాసుకోవాలంటే రాసుకో. ఎర్ర పెన్ను తీసినాను. బాయి కొట్టేసి బావి అని రాసినాను. ఉప్పు వాక్యం కింద ‘అనవసరము’ అని రాసినాను. అల్లుడి వాక్యం పక్కన ‘ఇంటి విషయములు వద్దు’ అని రాసినాను. కింద గీత గీసి మార్కులు వేసినాను.

పదికి నాలుగు.

యాభై రెండేండ్ల మనిషికి నాయనా. మనవడిని చూడక ఏడుస్తా ఉండే మనిషికి. పదికి నాలుగు వేసి, “రేపు బడికి రా, బోర్డు చూసి సరిగ్గా రాసుకుందువు గానీ” అనినాను. “సరే టీచరమ్మా” అనింది. తలొంచుకొని పోయింది. మరునాడు అందరికంటే ముందొచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. ‘పర్యావరణ సమతౌల్యమునకు భంగము వాటిల్లునని’ అని తప్పులేకుండా రాసింది. టిక్కు కూడా పెట్టినాను.

ఆ క్యాలెండరు కాగితం ఉందో, పొయ్యిలో వేసిందో తెలియదు. అడగడానికి నాకు మొహం లేదు.

లేదు లేదు, నేనిప్పుడు చెప్పింది నువ్వు వాంగ్మూలంగా రాసుకోవద్దు. కొట్టేయ్ దాన్ని. నా నోట్లోంచి వస్తే అది మళ్లీ నా ఉత్తరమే అవుతాది. నూటా అరవై నాలుగోది. పోయి ఆమెనే అడుగు.

ఇల్లు చెప్తాను. ఈ వీధి దిగి, ఎడమకు తిరిగితే రేకుల ఇల్లు. వాకిట్లోనే బావి ఉంటాది. ఈరోజు గురువారం. లోపలికి ఒకసారి తొంగి చూసి, అప్పుడు తలుపు తట్టు. కాగితం చేతికివ్వొద్దు, రాయమని చెప్పొద్దు. మాట్లాడమను. మనవడి సంగతి అడుగు, అల్లుడి సంగతి అడుగు, అన్నంలో ఉప్పు సంగతి అడుగు. ఆమె ఏ మాటంటే ఆ మాటే రాసుకో. బాయి అంటే బాయి అనే రాయి. దిద్దొద్దు.

నన్ను రమ్మంటావా? ఇల్లు చూపించి వచ్చేస్తే చాలంటావా?

రాను నాయనా. నేను వీధి మలుపులో కనిపిస్తే చాలు, నాగులమ్మ లేచి నిలబడతాది. చేతులు కట్టుకుంటాది. నువ్వేమడిగినా ముందు నా మొహం చూస్తాది, చూసి, డెబ్బై ఒక్క సంవత్సరముల వయస్సు గలదానను అని మొదలుపెడతాది.

ముప్పై నాలుగేండ్లు అదే కదా నేర్పించినాను. బాగా నేర్పించినాను.